నట్టింటి సముద్రం, నేలమాళిగ నీళ్లు

నిరుటి శీతకాలం అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మా చిన్నబ్బాయి ఇంట గడిపాను. ముందుగదిలో గోడపొడవునా వేయి లీటర్ల ఉప్పునీటి అక్వేరియం. అందులో పగడాలు, రంగురంగుల చేపలు. చూసి మురిసిపోయాను. ఒకనాడు నేలమాళిగలోకి దిగితే పెద్ద ప్లాస్టిక్ పీపాల నిండా ఉప్పునీరు, అందులో కరెంటు హీటరు, నీటిని కలియతిప్పే పంపు! బయట మోకాలిలోతు మంచు. “చేపలకు వేన్నీళ్ల స్నానమా నాయనా?” అన్నాను. “రేపు మార్చబోయే నీళ్లు నాన్నా. చల్లనివి ఒక్కసారిగా పోస్తే పగడాలు తట్టుకోలేవు” అన్నాడు. పంతులు బుద్ధి ఊరుకోదు గదా! ఈ నిలవనీటి పూర్వకథ వెదకసాగాను.

మన పౌరాణికులు సప్తసముద్రాలలో లవణసముద్రాన్ని మొదట చెప్పారు. దానిని పుడిసిట పట్టిన ఘనత అగస్త్యునిది. గాజుపాత్రలో పట్టినవారిలో తొలిపేరు ఒక ఇల్లాలిది. 1846లో అన్నా థిన్ అనే ఆంగ్లవనిత టార్కీ తీరాన రాతిపగడాలను చూసి ముచ్చటపడి, జాడీలో పెట్టి లండనుకు తెచ్చుకున్నది. ప్రతిసారీ సముద్రతీరం నుండి కొత్తనీరు తెప్పించడం సాధ్యమా? ఉన్న నీటికే ప్రాణవాయువు అందాలని, తెరచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోనుండి మరొక పాత్రలోకి నీటిని మళ్లీమళ్లీ పోయించేది. ఆ పని రోజూ అరగంటకు పైగా చేసినది ఇంటి పనిపిల్ల. మరుసటి ఏడు సముద్రపు నాచు వేసిన పిమ్మట ఆ శ్రమ కొంత తగ్గింది. పగడాలు దాదాపు మూడేళ్లు బ్రతికాయి. యజమానురాలి పేరు చరిత్రకెక్కింది. చేతులు నొప్పెట్టిన పిల్ల పేరు మాత్రం నాకెక్కడా దొరకలేదు.

1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియంపై గ్రంథం వెలువరించాడు. ఇంగ్లండులో ఇంటింటా అదొక వెర్రి అయింది. అదే ఏడు వంట ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు కలిపి సముద్రజలం తయారుచేసే విధానాన్నీ ఆయన ప్రకటించాడు. సముద్రజలంలో లవణాలు కిలోకు సుమారు 35 గ్రాములు. మా అబ్బాయి పీపాలలో కలిపే బస్తా ఉప్పు ఆ వంశానిదే.

అయితే నీటి నిలవను శాస్త్రంగా నిలిపినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. బీదవాడు, మొదట పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. 1871లో లండను క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం ఆయన పర్యవేక్షణలోనే నెలకొన్నది. జనం చూసే తొట్లలోని నీటికి కొన్ని రెట్ల నీటిని భూగర్భంలో, చీకటిలో నిలవచేసి, పంపులతో నిరంతరం తిప్పాడు. అందువలన రెండు లాభాలు: ఒకచోట పుట్టిన మాలిన్యం అంతటా పలుచనవుతుంది, ఎండ వచ్చినా వేడి నెమ్మదిగా ఎక్కుతుంది. ఆయన బాధ చల్లదనం గురించే, ఎందుకంటే పెంచినవి చలిసముద్రపు జీవులు. ఉష్ణదేశపు చేపలను ఇళ్లలో పెంచేవారు వచ్చాక కథ తిరగబడింది. కొందరు తొట్టి అడుగున పలకరాయి పరచి, కింద దీపం వెలిగించి కాచేవారు. దీపం కొండెక్కితే అంతే సంగతులు. పిదప థర్మోస్టాటుతో కరెంటు హీటర్లు వచ్చాయి.

వేయి లీటర్ల ఉప్పునీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఒక యూనిట్టుకు పైగా కరెంటు కావాలి. కాలేది నెమ్మదిగా, చల్లారేదీ నెమ్మదిగా. ఈ గుణమే ఒక రాత్రి మమ్మల్ని కాపాడింది.

ఆ రోజు అబ్బాయి ఊళ్లో లేడు. మంచుతుఫానుకు పదిగంటలవేళ కరెంటు పోయింది. పంపులు ఆగాయి. కోడలు, నేను తొట్టికి దుప్పట్లు చుట్టాము. గంట గడిచేసరికి చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరవసాగాయి. చలికన్నా ముందు ఊపిరి! వెంటనే చెంబు తీసుకొని తొట్టిలోని నీటినే ముంచి, జానెడెత్తు నుండి తిరిగి పోయనారంభించాను. “మామయ్యగారూ, మీ భుజం నొప్పి...” అంటూ కోడలు రెండో చెంబు అందుకున్నది. వంతులు వేసుకొని తెల్లవారుజాము నాలుగింటిదాకా పోశాము. అప్పుడు దీపాలు వెలిగాయి. థర్మామీటరులో మూడు డిగ్రీలే తగ్గింది.

ఉదయం లెక్కబెడితే ఒక పసుపుచేప లేదు. భుజానికి వారం రోజులు నూనె రాసుకున్నాను. ఆ లండను పిల్లకు ఎవరు రాశారో.