బొమ్మకు పాట తోడుంటేనే కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మా ఇంట్లో పిల్లలు ఫోన్‌లో ‘డీమన్ స్లేయర్’ అనే జపాన్ సీరియల్ చూస్తుంటే, “ఎప్పుడూ ఆ బొమ్మలేనా?” అని కసురుకునేవాణ్ణి. ఒకరోజు పక్కన కూర్చుని 19వ ఎపిసోడ్ చూశాను. 2019 ఆగస్టులో వచ్చింది. తంజిరో అనే కుర్రాడు చెల్లెలి కోసం రాక్షసుడితో పోరాడుతుంటాడు. అతని కత్తి వెంట నీళ్లు అలలై లేస్తాయి. పాత జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో హొకుసాయ్ వేసిన అల ఉంటుందే, అలాంటి గీతలు. ఓడిపోతున్న క్షణంలో చిన్నప్పుడు నాన్న ఆడిన అగ్ని నాట్యం గుర్తొస్తుంది. నీళ్లు నిప్పవుతాయి. సరిగ్గా అప్పుడే గో షీనా కట్టిన పాట అందుకుంటుంది. మాట అర్థం కాకపోయినా నా గొంతు పట్టేసింది.

ఇది మనకు కొత్తా? కాదు. తెలంగాణలో చేర్యాల నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద కథంతా వరుస గళ్లలో గీసేవారు. పటం ముప్పై నలభై అడుగులు కూడా ఉండేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, వాద్యాలతో రాత్రంతా పాడేవారు.

జపాన్‌లోనూ ఇలాంటిదే ఉండేది, పేరు కమిషిబాయి. 1930ల్లో కథకుడు సైకిల్ మీద చెక్కపెట్టె పెట్టుకొచ్చి, కర్రముక్కలు టకటకలాడించి పిల్లల్ని పిలిచి, మిఠాయి అమ్మి, బొమ్మలు ఒక్కొక్కటిగా మారుస్తూ కథ చెప్పేవాడు. టీవీ వచ్చాక అది సన్నగిల్లింది. కానీ పనివాళ్లు ఆగిపోలేదు. కమిషిబాయి బొమ్మలు వేసిన షిగేరు మిజుకి తర్వాత పేరున్న మాంగా రచయిత అయ్యాడు. కమిషిబాయి వీరుడు ‘గోల్డెన్ బ్యాట్’ 1967లో టీవీ అనిమే అయ్యాడు.

మన దగ్గర ఏమైంది? వినేవాళ్లు తగ్గారు, పటం చిన్నదై ఫ్రేములోకి, గోడ మీదికి వెళ్లింది. నకాషీ కుటుంబాల పట్టుదల వల్ల బొమ్మ బతికింది. పాట మాత్రం దాన్నుంచి విడిపోయింది. జపాన్‌వాళ్లు కొత్త యంత్రంలోనూ రెంటినీ కలిపే ఉంచారు. నాకు బాధ కలిగించింది ఈ తేడానే.

మన కోర్పనా ఒకప్పుడు రాజురా తాలూకాలోది. ఆ రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కాగితం మీద రాష్ట్రం మారింది కానీ ఇంట్లో మాట మారలేదు. ఆ మాటతో పాటు పాటలు ఎన్ని మిగిలాయో మనమే చూసుకోవాలి.

అందుకే ఒక మనవి. మీ ఇంట్లో పటం కథ చూసిన పెద్దలుంటే, గుర్తున్న నాలుగు ముక్కలు వాళ్ల గొంతులోనే ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. పిల్లల్ని కసరకండి, పక్కన కూర్చోండి. ఆ సీరియల్‌లో నెత్తురు ఎక్కువ, మరీ చిన్నవాళ్లకు వద్దు. కాస్త పెద్దవాళ్లతో చూసి, చివర్లో “మనకూ ఇలాంటిది ఉండేదిరా” అని మొదలుపెట్టండి. మా ఇంట్లో ఆ మాటకు ఫోన్ పక్కన పెట్టేశారు.