గని ఊరి నెల చందా

బెంగళూరు కబ్బన్ పార్కులో చెట్ల మధ్య ఎర్రటి భవనం ఒకటుంది. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అందులోనే. 1883 నుంచి 1901 దాకా మైసూరు దివానుగా పనిచేసిన శేషాద్రి అయ్యర్ జ్ఞాపకార్థం చందాలు పోగుచేసి కట్టించిన హాలు అది. 1915లో పూర్తయింది. మా కోలారు బంగారు గనులవాళ్ళకి ఆ భవనం మీద కొంచెం హక్కుందని నేను అంటుంటాను. శివసముద్రం దగ్గర కరెంటు పుట్టించాలన్న పథకం ఆ దివానుగారి హయాముదే. 1902లో ఆ కరెంటు తొంభై మైళ్ళు దాటి మొదట వచ్చింది మా గనులకే. బెంగళూరు వీధిదీపాలు ఇంకో మూడేళ్ళు ఆగాల్సి వచ్చింది. మేం తవ్విన బంగారం మీద రాయల్టీ మైసూరు ఖజానాకి చేరింది, ఆ ఖజానా చలవతో రాజధాని పెరిగింది. బంగారం తవ్విన ఊళ్ళో పుస్తకాలు ఎక్కడుండేవి, వాటికి డబ్బెవరు పెట్టారు అని మాత్రం పెద్దగా అడిగినవాళ్ళు లేరు. సినిమా పుణ్యమా అని మా ఊరి పేరు దేశమంతా మోగింది గానీ, జనానికి తెలిసింది తుపాకుల కేజీఎఫ్.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టాక మా ఊరు ఊరయింది. మైసూరు మైన్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ, బాలాఘాట్ అని ఒక్కో గని చుట్టూ ఒక్కో బస్తీ. 1894కల్లా బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి, మారికుప్పానికి రైలు పడింది. 1901 జనాభా లెక్కల్లో మా ఊరివాళ్ళు 38,204 మంది. ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు. వాళ్ళ తర్వాత తెలుగువాళ్ళు. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వానలు లేక, అప్పులు తీరక దిగినవాళ్ళు. అప్పటికింకా చిత్తూరు జిల్లా ఏర్పడలేదు, అది 1911 మాట. దొరలకి 1885 నుంచే క్లబ్బుంది, గోల్ఫు మైదానముంది, సాయంత్రం కూర్చుని లండన్ పత్రికలు తిరగేసే తీరిక ఉంది. కూలీలకి తడికెల ఇళ్ళ లైన్లు, మూడు షిఫ్టుల సైరన్.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు కోటీశ్వరుడు ఊరూరా గ్రంథాలయాలు కట్టిస్తున్నాడు. 1901లో ఒక్క న్యూయార్క్ నగరానికే 52 లక్షల డాలర్లు ఇచ్చాడు, పేటపేటకీ ఒక లైబ్రరీ రావాలని. ప్రపంచం మొత్తం మీద ఆయన డబ్బుతో లేచినవి 2,500 పైచిలుకు. ఆ జాబితాలో మన దేశం లేదు. ఆయన దానం వెనక కథ కూడా తెలియాలి. 1892లో హోమ్‌స్టెడ్ అనే ఊళ్ళో ఆయన ఉక్కు కర్మాగారంలో సమ్మె జరిగింది, ప్రైవేటు సాయుధులకీ కార్మికులకీ మధ్య కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు, యూనియన్ కుప్పకూలింది. ఆరేళ్ళకి, 1898లో, అదే కార్మికుల కోసం ఈతకొలనూ సంగీతశాలా ఉన్న బ్రహ్మాండమైన గ్రంథాలయం తెరిచారు. రోజుకి పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడ్డవాడికి చదివే ఓపిక ఎక్కడిది అని అక్కడివాళ్ళే అడిగారు.

దాత మంచివాడా చెడ్డవాడా అన్న పంచాయితీ నాకొద్దు. నాకు ఆసక్తిగా అనిపించేది ఆయన పెట్టిన షరతు. భవనానికి నేనిస్తాను, స్థలం మీరివ్వండి, ఆపైన నేనిచ్చిన సొమ్ములో పదోవంతు ఏటా మీ ఊరి పన్నుల్లోంచి తీసి దాన్ని నడపండి, అన్నాడు. కట్టడం తేలికనీ నడపడమే కష్టమనీ ఆ వ్యాపారికి బాగా తెలుసు.

మా ఊరికి కార్నెగీ ఎవరూ రాలేదు. కంపెనీ వాటాదార్లు లండన్‌లో ఉండేవాళ్ళు, మా ఊరు వాళ్ళకి లాభాల లెక్క. ఇక్కడ చదువుకి డబ్బు పెట్టింది భూమి లోపలికి దిగినవాళ్ళే. 1907లో మద్రాసు రాయపేటలో అయోతీదాస్ పండితర్ ‘ఒరు పైసా తమిళన్’ అనే వారపత్రిక మొదలుపెట్టారు. పేరులోనే వెల ఉంది. అంటరానివాళ్ళని లోకం అంటున్న జనాన్ని బౌద్ధం వైపు పిలిచిన పత్రిక అది. దానికి గట్టి పాఠకులు మా మారికుప్పం, చాంపియన్ రీఫ్‌లలో ఉండేవాళ్ళు. దక్షిణ భారత బౌద్ధ సంఘానికి ఇక్కడ శాఖ పెట్టుకున్నారు. అయోతీదాస్ పుస్తకాలు ‘సిద్ధార్థ పుత్తగశాలై’ పేరుతో చాంపియన్ రీఫ్ నుంచి వెలువడ్డాయి. ఆయన 1914లో పోయాక కొద్దికాలానికి పత్రిక ఆగిపోతే, 1926లో జి. అప్పాదురై దాన్ని మళ్ళీ మా ఊరి నుంచే నడిపారు. గని లోపల దుమ్ము పీల్చి బతికే మనిషి తన కూలిలోంచి అచ్చు యంత్రాన్నీ పుస్తకాల కొట్టునీ పోషించాడన్నమాట. మన గ్రంథాలయ చరిత్రల్లో ఈ సంగతి కనబడదు. తమిళులది కదా అని తెలుగువాళ్ళు వదిలేశారు, కర్ణాటకలోది కదా అని తమిళులు వదిలేశారు, కన్నడంలో లేదు కదా అని కన్నడిగులు వదిలేశారు.

కూలిలోంచి చదువుకి డబ్బు పెట్టే ఆ వరవడే తర్వాత అన్ని పార్టీలకీ అంటుకుంది. అన్నాడీఎంకే, రిపబ్లికన్ పార్టీ, సీపీఎం మూడూ ఎప్పుడో ఒకప్పుడు అసెంబ్లీ సీటు గెలిచిన ఊరు కర్ణాటకలో ఇంకోటి చూపించండి చూద్దాం. ఒక్కో పార్టీకీ ఒక్కో యూనియన్, ఒక్కో యూనియన్‌కీ ఒక చదువు గది. తమిళంలో పడిప్పగం అంటారు, మా లైన్లలో తెలుగువాళ్ళూ అదే మాట అనేవాళ్ళు. మా పెద్దవాళ్ళు చెప్పిందీ, నా చిన్నతనంలో నేను చూసిందీ కలిపి ఆ గది ఎలా ఉండేదో చెబుతాను. లైను ఇంటి ముందరి గది అంత చోటు. రేకుల కప్పు. రెండు బల్లలు, మధ్యలో ఒక పొడుగు మేజా. పొద్దున మద్రాసు వైపు నుంచి బంగారుపేటకి వచ్చిన పత్రికల కట్ట మారికుప్పం బండెక్కి వచ్చేది. తెచ్చినవాడు ముందు చేసే పని, పత్రికని ఏ కాగితానికి ఆ కాగితం విడదీయడం. అప్పుడు ఒకే పత్రికని నలుగురైదుగురు ఒకేసారి చదవొచ్చు. రాత్రి షిఫ్టు దిగి తలకి నూనె రాసుకుని వచ్చినవాళ్ళు పొద్దున, మొదటి షిఫ్టువాళ్ళు సాయంత్రం. సాయంత్రం పద్ధతి వేరేగా ఉండేది. చదువొచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి బల్లమీద కూర్చోబెట్టి పైకి చదివించేవాళ్ళు. వాడు ఒక పేరు తప్పు చదివితే చదవడం రాని ముసలాయన దిద్దేవాడు. నిన్నటి వార్త ఆయనకి నోటికొచ్చు మరి.

ఖర్చు సంగతి ఇంకా బాగుంటుంది. జీతాల రోజు సాయంత్రం ఒకాయన చేతిలో నోటుబుక్కు పట్టుకుని లైను లైనుకీ తిరిగేవాడు. తలా అణా, అర్ధణా. ఇవ్వనివాళ్ళ పేర్లు గది గోడ మీద సుద్దముక్కతో రాసేవాళ్ళు, ఇచ్చాక చెరిపేసేవాళ్ళు. నెలాఖరుకి పాత పత్రికలు తూకానికి అమ్మి ఆ డబ్బు వచ్చే నెల బిల్లుకి జమ. పుస్తకాల బీరువా ఒకటే, తాళంచెవి కార్యదర్శి మొలతాడుకి. ఆయన రెండో షిఫ్టులో ఉంటే ఆ వారమంతా పుస్తకాలకి సెలవు.

చదువు గదులే కాదు, సమ్మెలూ ఈ లైన్లలోనే పుట్టాయి. 1930లో కంపెనీ కూలీలందరి వేలిముద్రలూ తీసి నమోదు చేస్తానంది. నేరస్థుల్ని చూసినట్టు చూస్తారా అని 21 రోజులు గనులు ఆపేశారు, అప్పటికి యూనియన్ అన్నది కూడా లేదు. 1946 నవంబర్ 4న చాంపియన్ రీఫ్‌లో పోలీసు కాల్పులకి ఆరుగురు కార్మికులు చనిపోయారు. నవంబర్ నాలుగు అంటే మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ వివరణ అడగరు. బౌద్ధం సంగతికి వస్తే, 1954లో అంబేడ్కర్ ఈ ఊరొచ్చారు. లక్ష్మీనరసు 1907లో రాసిన ఇంగ్లీషు బౌద్ధ గ్రంథాన్ని 1948లో తన ముందుమాటతో మళ్ళీ వేయించింది ఆయనే. ఆ లక్ష్మీనరసు మా ఊరివాళ్ళ బౌద్ధ సంఘానికి పెద్ద దిక్కుగా నిలిచిన మద్రాసు ప్రొఫెసరు.

ఇక తెలుగు. ఇక్కడే నాకు కొంచెం మనసు కష్టంగా ఉంటుంది. కోలారు జిల్లాలో తెలుగు ఇంటింటా ఉంది. శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు సంతలో బేరాలన్నీ తెలుగులోనే. కైవారం తాతయ్య అనే యోగి తత్వాలు తెలుగులోనే భజనల్లో పాడతారు. కానీ బడి కన్నడం, గని లైన్లలో తమిళం. నోట్లో ఉన్న భాష కంటికి ఆనదు. నిజాం రాజ్యంలోనూ తెలుగుకి ఇదే అవస్థ ఉండేది. అక్కడ 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు బుర్ర పెట్టారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు డబ్బూ ఇల్లూ పెట్టారు. కోస్తాలో వేటపాలెం సారస్వత నికేతనాన్ని 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి మొదలుపెడితే, 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయాల కోసం ఊళ్ళన్నీ తిరిగారు. మాకు మునగాల రాజూ లేడు, శ్రేష్ఠీ లేడు, అయ్యంకి బండి ఇటు మళ్ళలేదు. మా లైన్లలో తెలుగు చదువు నిలిచింది మద్రాసు నుంచి వచ్చే ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వారపత్రికల మీద. ఒక ఇంటికి వచ్చిన సంచిక పది ఇళ్ళు తిరిగి, సీరియల్ కాగితాలు చింపుకోగా మిగిలింది అట్ట.

కోలారు జిల్లా వాళ్ళు దానాలు చేయలేదా అంటే, చేశారు. ముళబాగిలులో 1887లో పుట్టిన డి.వి. గుండప్పనే చూడండి. మెట్రిక్ తప్పాక కొన్నాళ్ళు కేజీఎఫ్‌లో సోడా ఫ్యాక్టరీలో పనిచేసిన కుర్రాడాయన. తర్వాత కన్నడ సాహిత్యంలో ఎంతవాడయ్యాడో వేరే చెప్పక్కర్లేదు. 1945లో బెంగళూరు బుల్ టెంపుల్ రోడ్డులో గోఖలే సార్వజనిక విచార సంస్థ పెట్టారు. ప్రజా విషయాల మీద చదువుకోడానికీ మాట్లాడుకోడానికీ ఒక చోటు, దానికో గ్రంథాలయం. 1970లో సన్మానం చేసి పెద్ద మొత్తం చేతిలో పెడితే మొత్తం ఆ సంస్థకే ఇచ్చేశారు. ఇంట్లో అవసరాలు లేని మనిషేం కాదు. ఆయన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు గానీ, మా జిల్లా బిడ్డ దానం కూడా గని బంగారంలాగే బెంగళూరుకే వెళ్ళిందే అని లోపల్లోపల అనుకుంటుంటాను. మాలూరు తాలూకాలో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ కూడా అంతే, పేరు మాస్తి ఊరిది, బతుకు బెంగళూరుది.

1965లో కర్ణాటక పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, 1966 నవంబర్ 1 నుంచి అమలయింది. అప్పట్నుంచి దాతలు మనమే, మనకి తెలియకపోయినా. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, అడుగున గ్రంథాలయ సెస్సు అని ఒక గీత ఉంటుంది. పన్నులో రూపాయికి ఆరు పైసలు. ఊరూరా ప్రభుత్వ శాఖలు తెరిచారు, బోర్డులు పెట్టారు, బీరువాలొచ్చాయి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సుని గ్రంథాలయాలకి జమ చేయకుండా బకాయి పెట్టడం కూడా అప్పట్నుంచే ఉన్న ఆనవాయితీ. 2019లో గ్రామ గ్రంథాలయాలు, రాష్ట్రమంతా కలిపి 5,600 పైచిలుకు, పంచాయతీ శాఖ చేతికి వెళ్ళాయి. మరుసటి ఏడు నుంచి పిల్లలకి ఉచిత సభ్యత్వం ఇస్తున్నారు. కోలారు పల్లెల్లో బడి వదిలాక పిల్లలు అటు నడుస్తున్నారంటే అది మంచి పనే, మెచ్చుకోవాల్సిందే.

మా గని లైన్ల కథ ఆ దారిన పోలేదు. 2001 ఫిబ్రవరి 28న, అప్పటికి గనుల్ని నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. జీతాల రోజు అన్నదే లేకుండా పోయాక నోటుబుక్కు పట్టుకుని ఎవరు తిరుగుతారు? చదువు గదులు ఒకటొకటిగా టీకొట్లయ్యాయి, కేరం బోర్డు గదులయ్యాయి, కొన్ని ఎవరో కాపరానికి దిగిన ఇళ్ళయ్యాయి. బీరువాలు చెదలుపట్టాయి. కుర్రాళ్ళు తెల్లారకముందే మారికుప్పంలో బండెక్కి బెంగళూరు పనులకి పోతారు, రాత్రికి తిరిగొస్తారు. చదివేదేదైనా ఉంటే ఆ రైల్లోనే, ఫోనులో.

అయినా పూర్తిగా ఆగిపోలేదు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లో పోటీ పరీక్షలకి చదివే పిల్లలు ఎక్కడ కుర్చీ, ఫ్యాను దొరికితే అక్కడ కూర్చుంటారు. వాళ్ళ కోసం కొందరు స్నేహితులు కలిసి ఒక పాత గదిని మళ్ళీ శుభ్రం చేసి తెరిచారు. ఊరు వదిలి బెంగళూరులోనూ విదేశాల్లోనూ స్థిరపడ్డ మా వాళ్ళు పండక్కి వచ్చినప్పుడు పుస్తకాల పెట్టెలు దించి పోతారు. పిల్లల పాత ఇంజినీరింగు పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, ఎప్పటివో ఎన్‌సైక్లోపీడియాలు. పెట్టె పక్కన నిలబడి ఒక ఫోటో కూడా. ఆ గది చూసుకునే పెద్దమనిషి ఒకప్పుడు నందిదుర్గ గనిలో పనిచేశాడు. పోయినసారి నేను వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన పెట్టె మీద కూర్చుని పత్రికలవాడి బిల్లు చూసుకుంటున్నాడు.

“పుస్తకాలిచ్చేవాళ్ళకి కొదవలేదు సార్. ఈ బిల్లు కట్టేవాళ్ళు నలుగురు దొరికితే చాలు,” అన్నాడు.

బిల్లులో కన్నడ పత్రికలు రెండు, తమిళం ఒకటి, ఇంగ్లీషు ఒకటి. తెలుగు పత్రిక ఒకటి బెంగళూరులో అచ్చయి పొద్దునకల్లా వస్తుంది, దాని పేరు మీద గీత కొట్టి ఉంది. చదివేవాళ్ళు లేకా అని అడిగితే, ఉన్నారు, ముగ్గురు ముసలివాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు, డబ్బు చాలక ఆపాను అన్నాడు. ఆ ముగ్గురి తరఫున నెల చందా నా పేరున రాసుకోమన్నాను. జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకుని, “గోడ మీద కూడా రాస్తాం సార్, మర్చిపోతే,” అన్నాడు.