సలెప్: పచ్చిక బయళ్ల ఆర్కిడ్ దుంపల వ్యాపారం

అనకాంప్టిస్ మోరియో యూరప్ పచ్చిక బయళ్లలో, పశువులు మేసే నేలల్లో పెరిగే చిన్న ఆర్కిడ్. వసంతంలో జానెడు కాడకు ఊదారంగు పూలు పూస్తుంది. రక్షకపత్రాల మీద పచ్చని చారలుంటాయి. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనిని ఆర్కిస్ ప్రజాతిలో చేర్చాడు. 1997లో డీఎన్‌ఏ ఆధారాలను బట్టి ఇప్పటి ప్రజాతికి మార్చారు. అయితే మనుషులు దీని వెంటపడింది పూల కోసం కాదు, దుంపల కోసం.

మొక్క అడుగున రెండు గుండ్రని దుంపలుంటాయి. ఒకటి ఈ ఏటి పూతకు బలమిచ్చి ముడుచుకుపోతుంది, రెండోది వచ్చే ఏటికి ఊరుతుంది. ఆ జంట వృషణాలను పోలి ఉండడంతో గ్రీకుల కాలం నుంచీ వాటిని సంతానానికి మందుగా నమ్మారు. మగవాడు పెద్ద దుంప తింటే కొడుకు పుడతాడన్న నమ్మకాన్ని 1వ శతాబ్దపు వైద్యుడు డయాస్కోరిడీస్ రాసిపెట్టాడు. యునానీ వైద్యంలో సాలబ్ మిశ్రీ పేరుతో వాడేవీ ఆర్కిడ్ దుంపలే.

ఈ మందును నిత్యపానీయం చేసింది ఒట్టోమన్ తుర్కులు. ఈ మొక్కవీ, దీని దగ్గరి జాతులవీ దుంపలు తవ్వి, కడిగి, కాసేపు ఉడికించి, ఎండబెట్టి పొడి కొట్టేవారు. అదే సలెప్. అందులోని గ్లూకోమన్నన్ అనే పిండిపదార్థం వల్ల కొద్దిపాటి పొడికే వేడి పాలు చిక్కని జావలా అవుతాయి.

18వ శతాబ్దానికి ఇది లండన్ వీధుల్లో సలూప్‌గా అమ్ముడుపోయింది. తెల్లవారుజామున పనికి వెళ్లే కూలీలకు కాఫీకన్నా చౌకగా దొరికే వేడి పానీయం అది. దిగుమతి సరుకు ఖరీదు కావడంతో, స్వదేశీ ఆర్కిడ్లనుంచే సలెప్ చేసే పద్ధతిని రోచ్‌డేల్‌కు చెందిన జాన్ మౌల్ట్ 1769లో రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. దుంపల పొట్టు తీసి, కొమ్ములా పారదర్శకంగా అయ్యేదాకా పొయ్యిలో ఉంచి ఆరబెట్టడమే ఆ పద్ధతి. మాంచెస్టర్ వైద్యుడు థామస్ పెర్సివల్ ఓడ ప్రయాణాలకు దీనిని సిఫారసు చేశాడు. తరువాత ససాఫ్రస్ అనే చెట్టు కషాయం సలూప్ పేరును ఆక్రమించింది. వ్యాసకర్త చార్లెస్ లాంబ్ 1822లో మెచ్చుకుని రాసింది దానినే. చవకైన కాఫీ రాకతో అదీ తెరమరుగైంది.

తుర్కియేలో మాత్రం సలెప్ నేటికీ శీతాకాలపు పానీయం. అక్కడి మరాష్ ఐస్‌క్రీమ్‌కు సాగే గుణం ఇచ్చేదీ అదే. కిలో పొడికి వెయ్యికి పైగా దుంపలు కావాలి. కొత్త దుంపను తీసేస్తే మొక్క మరుసటి ఏడు ఉండదు. విత్తనం మొలవడానికి నేలలోని శిలీంధ్రం తోడు కావాలి, పూత రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంతటి నష్టాన్ని ఏ రుచీ సమర్థించలేదు. అందుకే అడవి దుంపల ఎగుమతిని ఆ దేశం నిషేధించింది. ఇంగ్లండ్‌లో దుంపల తవ్వకం ఎప్పుడో ఆగినా, 1930ల తరువాత దున్నడం, ఎరువులు వేయడం వల్ల పూల పచ్చికల్లో దాదాపు 97 శాతం పోయాయి. వాటితోపాటే ఈ ఆర్కిడ్ కూడా అరుదైపోయింది.