విప్పుకోగల మొక్కు, విప్పలేని ముడి: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పిల్లల మతస్వేచ్ఛ

పిల్లల మతం గురించి చర్చ వచ్చినప్పుడల్లా రెండు వాదాలు బలంగా వినిపిస్తాయి. బిడ్డకు ఊహ తెలిసి తానే తేల్చుకునేదాకా ఏ మతమూ అంటకుండా పెంచాలనేది ఒకటి. బిడ్డ ఏ ఇంట పుడితే ఆ ఇంటి దేవుడే బిడ్డకూ దేవుడు, ఇందులో అడగడానికి ఏముందనేది రెండోది. పశ్చిమ కర్నూలు జీవితాన్ని దగ్గరగా చూస్తే రెండూ నిలవవు. ఇక్కడ ఏ మతమూ అంటని బాల్యం దాదాపు లేదు. ఒకే దేవుడితో గిరిగీసిన బాల్యం కూడా మొన్నమొన్నటిదాకా అరుదే. కాబట్టి ప్రశ్నను మరోలా వేయాలి. పెద్దలు పిల్లల తరఫున చేసే మతపరమైన పనుల్లో బిడ్డ పెరిగాక విప్పుకోగలిగినవి ఏవి, ఎన్నటికీ విప్పుకోలేనివి ఏవి? పిల్లల మతస్వేచ్ఛకు కొలత ఈ తేడాలోనే ఉందని, పెంపకంలో మతం ఉందా లేదా అన్నదానితో ఆ స్వేచ్ఛ తేలదని ఈ వ్యాసం వాదిస్తుంది.

మొదట పేర్లు చూద్దాం. కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంటే పుట్టినవాడు ఈరన్న, లేదా ఉరుకుందప్ప. పుట్టిన బిడ్డలు దక్కక పీర్లకు మొక్కుకున్న బోయ, కురువ, మాదిగ ఇళ్లలో హుసేనప్పలు, దస్తగిరులు, మస్తానమ్మలు ఉంటారు. ఇల్లు హిందువులది, పేరు పీరుది. దూదేకుల వారిలో ఇంటి భాష తెలుగు, నమాజు అరబ్బీ, ఆచారాల్లో రెండు సంప్రదాయాల కలనేత. ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ పేరు అక్కడి జామియా మసీదుతో ఎంతగా ముడిపడి ఉందో, రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం దక్కిన సంప్రదాయ కథతోనూ అంతే ముడిపడి ఉంది. ఇవన్నీ సామరస్యానికి ఉదాహరణలుగా తరచూ చెబుతుంటారు. నాకు ముఖ్యమైన సంగతి వేరు. ఈ పేర్లూ మొక్కులూ బిడ్డను అడిగి పెట్టినవి కావు, అయినా బిడ్డ భవిష్యత్తును మూసేయలేదు. హుసేనప్ప పెద్దవాడై గుడికే వెళ్లినా, చర్చికి వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా ఆ పేరు అడ్డం రాదు.

మొహర్రంలో పిల్లలను ఫకీర్లను చేసే మొక్కు ఇంకా స్పష్టమైన సాక్ష్యం. జబ్బు నయమైతే బిడ్డను ఫకీరు చేస్తామని తల్లి మొక్కుకుంటుంది. పీర్లు చావిడిలో కూర్చున్న రోజుల్లో బిడ్డ మెడలో ఎర్రదారం వేస్తారు. బిడ్డ నాలుగిళ్లు అడుక్కుని, తెచ్చింది పీర్లకు చదివిస్తాడు. పీర్లు వెళ్లిపోగానే ఆ దారం తీసేస్తారు, మొక్కు తీరిపోతుంది. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవంపై అఫ్సర్ మహమ్మద్ 2013లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ తాత్కాలిక ఫకీరీని అక్కడి భక్తికి కేంద్రంగా చూపింది. బిడ్డ ఆ కొద్ది రోజులు మరో విశ్వాసాన్ని శరీరంతో, ఆకలితో, నియమంతో అనుభవిస్తాడు. తర్వాత దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు. ఎంపిక అంటూ ఉండాలంటే ముందు పరిచయం ఉండాలి. ఆ పరిచయాన్ని ఏ పాఠ్యపుస్తకం కంటే ఈ మొక్కే బాగా ఇచ్చింది.

అదే నేల మీద దీనికి పూర్తి వ్యతిరేకమైన మొక్కు కూడా ఉంది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. ఆ జిల్లాపై 1904లో వెలువడిన డబ్ల్యూ. ఫ్రాన్సిస్ గెజిటీరు బసివి ఆచారాన్ని నమోదు చేసింది. మగసంతానం లేని బోయల వంటి కుటుంబాల్లో ఒక కూతురిని దేవుడికి విడిచేవారు. ఆమె పెళ్లి చేసుకోకుండా పుట్టింట్లోనే ఉండిపోయేది. కొడుకులా ఆస్తి పొందేది, తండ్రికి కర్మకాండ చేసేది, ఆమె పిల్లలకు ఆమె తండ్రి ఇంటిపేరే వచ్చేది. ఆ ఏర్పాటు ఆమెకు కొంత అధికారమిచ్చిన మాట నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ముడి వేసేనాటికి ఆమె బాలిక. పెద్దయ్యాక ఆ దేవుడి మీద నమ్మకం పోయినా ఆమె బసివే. పెళ్లి దారి మూసుకుపోయేది, కాలక్రమంలో ఆ మూసిన దారి పక్కనే లైంగిక దోపిడీకి దారి తెరుచుకుంది. మద్రాసు రాష్ట్రం 1947లో, ఆంధ్రప్రదేశ్ 1988లో దేవదాసీ నిషేధ చట్టాలు చేశాయి. ఫకీరీ, బసివి రెండూ పెద్దలు బిడ్డను అడగకుండా మొక్కినవే, రెండింట్లోనూ భక్తి నిజమైనదే. మొదటిదాన్ని మనం ముచ్చటగా చూస్తాం, రెండోదాన్ని నేరమన్నాం. బిడ్డ అనుమతి రెండింట్లోనూ లేదు కనుక తేడా అనుమతిలో లేదు. తర్వాత విప్పుకునే వీలులోనే ఉంది.

మన చట్టాలు ఈ తేడాను కొంతవరకు గుర్తించాయి. 1875 నాటి మెజారిటీ చట్టం పద్దెనిమిదేళ్లను యుక్తవయస్సుగా నిర్ణయిస్తూనే, మతమూ మతాచారాలూ తన పరిధిలోకి రావని రెండో సెక్షన్‌లో మినహాయించింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సంరక్షకుడిని నియమించేటప్పుడు బిడ్డ మతాన్ని చూడమంటుంది. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు వచ్చి ఉంటే బిడ్డ మాట కూడా వినవచ్చంటుంది. 1992లో భారత్ అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పద్నాలుగో అధికరణం బిడ్డ అంతరాత్మ స్వేచ్ఛను గుర్తించి, ఎదిగే శక్తికి తగినట్టు దారి చూపే బాధ్యతను తల్లిదండ్రులకు అప్పగించింది. జర్మనీ 1921లోనే ఇంకా కచ్చితంగా చెప్పింది: పన్నెండేళ్లు దాటిన బిడ్డను ఇష్టానికి విరుద్ధంగా మునుపటిది కాని మతంలో పెంచరాదు, పద్నాలుగేళ్లకు నిర్ణయం బిడ్డదే. మన దగ్గర అలాంటి గీత లేదు. గీత ఎక్కడ గీయాలన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. గీత దాటిన బిడ్డకు బయటి దారి తెరిచి ఉందా అన్నది మొదటిది.

కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లే దారిలోని కొత్తకోటకు సంబంధించిన కేసు ఇక్కడ ప్రస్తావించదగ్గది. తమ బిడ్డ జనన నమోదులో కులమూ మతమూ లేవని రాయాలని ఒక దంపతులు కోరగా, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును నేను ఆహ్వానిస్తాను. అయితే ఖాళీ గడి కూడా తల్లిదండ్రులు ఎంచినదే, బిడ్డ ఎంచినది కాదు. దాని విలువ అది దేన్నీ మూసేయకపోవడంలో ఉంది. పెరిగాక ఆ బిడ్డ గుడినో మసీదునో ఎంచుకుంటే అడ్డుకునేది ఏదీ అందులో లేదు.

అసలు చిక్కుముడి మరో కాగితంలో ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఆ హోదా ఇచ్చింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవం తీసుకున్న మాదిగ, మాల కుటుంబాలూ వారి సంతానమూ ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందికి వస్తారు. పదిహేను శాతం రిజర్వేషను ఉన్న జాబితా నుంచి ఒక శాతం ఉన్న జాబితాకు మారడమన్నమాట. వెనక్కి వచ్చే దారి మాత్రం తెరిచే ఉంది. క్రైస్తవులైన మాదిగ తల్లిదండ్రులకు పుట్టి, 1973లో హిందూమతంలోకి వచ్చిన విద్యార్థికి గుంటూరు వైద్య కళాశాలలో సీటు ఇచ్చి, పుట్టుకతో హిందువు కాడని రద్దు చేశారు. కులం తిరిగి తనలో కలుపుకుంటే అతడు ఆ కులస్తుడేనని, పుట్టుకతో హిందువై ఉండాలన్న షరతు చెల్లదని సుప్రీంకోర్టు 1976లో తేల్చింది. న్యాయమైన తీర్పే. కానీ ఆ ఉత్తర్వునూ ఈ తీర్పునూ పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది. మతం మారినా కులం లోపల బతికే ఉంటుందని, తిరిగి వచ్చేవాడి విషయంలో న్యాయస్థానం ఒప్పుకుంది. బయటికి వెళ్లేవాడి విషయంలో అదే కులం మాయమైందని ఉత్తర్వు అంటోంది. ఎమ్మిగనూరులో ఒక మాదిగ విద్యార్థిని పదిహేనేళ్ల వయసులో బైబిలు చదివి మనసు మార్చుకుందనుకుందాం. తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం, దానితో వచ్చే కాలేజీ సీటు ఆమె ముందున్నాయి. అక్కడ ఆమెను ఏ దేవుడిని నమ్ముతున్నావని ఎవరూ అడగరు, నమ్మకం బయటపెడితే ఏం పోతుందో మాత్రం ఆమెకు తెలుసు. అందుకే రికార్డులో ఒక మతం, ఆదివారం మరో మతంగా బతికే కుటుంబాలు తయారయ్యాయి. వారిని మోసగాళ్లనడం అన్యాయం. నమ్మకాన్ని దాచుకోవడం నేర్పుతున్నది రాజ్యమే.

హోదాను మతంతో ముడిపెట్టకూడదనడానికి గట్టి అభ్యంతరమే ఉంది. అంటరానితనం హిందూ కులవ్యవస్థలో పుట్టింది కనుక దాని పరిహారమూ అక్కడికే పరిమితమని, లేదంటే రిజర్వేషను మతమార్పిడికి ఎర అవుతుందని అంటారు. రిజర్వేషను కోసమే మతం మారడం రాజ్యాంగాన్ని మోసగించడమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అంది. అయితే హోదాను మతంతో ముడిపెట్టినంత కాలమే మతం మారితే లాభమో నష్టమో ఉంటుంది. ఆ ముడి తీసేస్తే రెండు వైపులా ఎర పోతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ ముడి తీసేయమనే సిఫారసు చేసింది. మరో అభ్యంతరం తల్లిదండ్రుల వైపు నుంచి వస్తుంది: పెద్దలు ఇచ్చిన విశ్వాసం బిడ్డ సొంతం ఎలా అవుతుంది, అలాంటప్పుడు స్వేచ్ఛ మాట ఎందుకు? 1985లో తమ మత విశ్వాసం వల్ల జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేసిన ముగ్గురు కేరళ పిల్లల కేసు దీనికి సమాధానం. వారిది ఇంట్లో నేర్చిన విశ్వాసమే, అయినా 1986లో సుప్రీంకోర్టు దాన్ని వారి అంతరాత్మగానే గౌరవించింది. వారసత్వంగా వచ్చిన నమ్మకం కూడా నిజమైన నమ్మకమే. పీర్ల పండుగ వంటి ఉమ్మడి ఆచారాలు ఇప్పుడు బలహీనపడుతున్నాయి కదా అనే వారున్నారు. నిజమే. ఏ మతం వారి పిల్లలు ఆ మతం బడికే వెళ్తూ, పక్క వీధి పండుగను అనుమానంగా చూడడం నేర్చుకుంటే, చట్టం ఎంత తెరిచి ఉంచినా ఎంచుకోవడానికి వారి ఎదుట ఏమీ మిగలదు. అందుకే పరిచయాన్ని కాపాడే బాధ్యత ఇళ్లది, ఊళ్లది. బయటి దారిని తెరిచే బాధ్యత మాత్రం ప్రభుత్వానిది.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 1950 నాటి ఉత్తర్వు మూడో పేరాను పార్లమెంటు ఇప్పటికే రెండుసార్లు మార్చింది. మూడోసారి మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, 341వ అధికరణం కింద మామూలు చట్టం చాలు.