కుండలినీ ద్వీపపు పౌరులు

బెంగుళూరు తెలుగువారి చరిత్రను ముచ్చటించునప్పుడు మన పెద్దలు విజయనగర ప్రభువులనుండి ప్రారంభింతురు. అది ఉచితమే. కాని నేను ప్రస్తావింపబోవు రాజ్యమునకు శాసనములు లేవు, నాణెములు లేవు, దేశపటమున చోటును లేదు. దాని పేరు కుండలినీ ద్వీపము. 1954వ సంవత్సరమున ‘చందమామ’ మాసపత్రికలో ‘తోకచుక్క’ అను ధారావాహికతో అది పుట్టినది. రాజ్యము కల్పితమైనను దాని పౌరులు మాత్రము నిజమైనవారు. వారిలో నేనొకడను. ఈ సంచిక చదువుచున్నవారిలో అరువది దాటినవారు పలువురు నా తోడి పౌరులే యై యుందురు.

చక్రపాణి, నాగిరెడ్డి గారలు మద్రాసునుండి ‘చందమామ’ను 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో వెలువరించిరి. కొలది కాలములోనే కన్నడమునను వచ్చినది. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదక బాధ్యత వహించిరి. ఆ యేడే దాసరి సుబ్రహ్మణ్యమను ఇరువదేండ్ల యువకుడు ఆ కార్యాలయమున చేరెను. ‘తోకచుక్క’ మొదలుకొని 1978లో ఆరంభమైన ‘భల్లూక మాంత్రికుడు’ వరకు పండ్రెండు ధారావాహికలు ఆయన వ్రాసినవే. అయినను పుటలపై ఆయన పేరుండెడిది కాదు. బొమ్మ మూలను ‘చిత్రా’ యను సంతకము మాత్రము కానవచ్చెడిది. కనుక మాకు చిత్రకారుడు తెలియును, కథకుడు తెలియడు. కథలన్నియు చందమామయే చెప్పుచున్నదని మేము నమ్మితిమి.

ఈ కథలను మాయలు, మంత్రములని తీసివేయువారు కలరు. చక్రపాణిగారికే ఇవి అంతగా రుచింపలేదని చెప్పుదురు. 1960ల నడుమ బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ని ధారావాహికగా వేసిరి. ఆ పిమ్మట దాసరివారి కథలు మరల వచ్చినవి. నా యభిప్రాయమున వీనిలో మాంత్రికునికన్న రాజకీయమే హెచ్చు. ‘తోకచుక్క’లో సేనాని సమరసేనుడు కొలదిమంది సైనికులతో తెలియని ద్వీపమున చిక్కుకొనును. అచ్చట ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇద్దరు మాంత్రికులకు బద్ధవైరము. ఎవని మాట నమ్మవలెను? ఎవనితో పొత్తు? పొత్తు ఎంతవరకు? దాసరివారు హేతువాద భావములు గలవారు. ఆయన కథలలో చిక్కు వచ్చినప్పుడు వైకుంఠమునుండి విమానము దిగదు. మనుష్యుడు ఆలోచించుకొనవలసినదే. పదేండ్ల బాలునకు ఇంతకన్న పౌరనీతి పాఠమేమి కావలెను?

మరియొక విశేషము. ఆయన కథలలో జంటలను గమనింపుడు: కేశవుడు, జయమల్లు, ధూమకుడు, సోమకుడు, శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒంటరిగా ఎవడును గమ్యము చేరడు. రాజ్యములు మారిపోవును, మాంత్రికులు నశింతురు, ఆ ఇద్దరు మాత్రము నడచుచునే యుందురు.

ఇట్టి అభిమానము మనవారికే కలిగినది కాదు. అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ 1926లో ‘అమేజింగ్ స్టోరీస్’ అను వైజ్ఞానిక కల్పనా పత్రిక నెలకొల్పి, పాఠకుల లేఖలను వారి చిరునామాలతో ప్రకటించెను. కుర్రవాండ్రు ఆ చిరునామాలు పట్టుకొని ఒకరికొకరు వ్రాసికొనిరి, సంఘములు కట్టిరి. 1939 జూలైలో న్యూయార్కున మొదటి ప్రపంచ సమ్మేళనము జరిపిరి. సంఘమన్న పిదప కలహము తప్పునా? రాజకీయ విభేదముచే ఆరుగురిని వాకిటనే ఆపివేసిరి. వారితో కలిసి తిరిగిన ఐజాక్ అసిమోవ్ మాత్రము లోనికి పోగలిగెను. మన సంఘములలో వేదికమీది కుర్చీలకై జరుగు తగవులు చూచినవారికి ఇది వింత కాదు.

‘చందమామ’లో ఫోటో వ్యాఖ్యల పోటీ గెలిచినవారి పేరు, ఊరు అచ్చువేసెడివారు. ప్రతి నెల నేను మొదట చూచునది అదియే. బెంగుళూరు పేరు కనబడిన దినమున మా ఇంట పండుగ. ఎవరో తెలియదు, ఏ వీథియో తెలియదు. కాని ఈ ఊరిలో మనవంటివాడు మరియొకడు కలడు! ఇంటి బయట కన్నడ, తమిళములు విని, బడిలో కన్నడము చదివి, ఇంటికి వచ్చి తెలుగు మాటాడు పిల్లవానికి ఆ ఒక్క పంక్తి ఎంత ధైర్యమో చెప్పజాలను.

అప్పుడు మేము శ్రీరామపురమున ఒక వఠారములో నుంటిమి. ‘యక్షపర్వతము’ వచ్చుచున్న రోజులలో ఒక నెల మా నాయనగారికి జీతము అందలేదు. పత్రిక కొనలేదు. పొరుగింటి కన్నడ బాలునకు కన్నడ ‘చందమామ’ వచ్చెడిది. అవే బొమ్మలు, అవే పేర్లు, అక్షరములే కొంచెము వేరు. నీళ్ళ కొళాయి ప్రక్క గట్టుమీద కూర్చుండి వాడు చదివెను, నేను వింటిని. జీవదత్తుడు ఒక చిరుతతో పోరాడిన ఘట్టము వాడు గొంతు మార్చి చదివినది నేటికిని నా చెవులలో నున్నది. మా స్నేహమునకు అది మొదలు.

1985లో ఇల్లు మారునప్పుడు మా సంచికల కట్టలన్నియు పాత కాగితముల వానికి తూకమునకు పోయినవి. వలదని చెప్పలేకపోతిని. ఆ పిమ్మట అవెన్యూ రోడ్డు పాత పుస్తకముల గుట్టలలో ఏండ్ల తరబడి వెదకితిని. దొరికినవి నాలుగు, అవియు అట్టలు లేనివి.

ఈ శతాబ్దపు తొలి దశకమున అంతర్జాలము మన ఇండ్లకు వచ్చినది. అప్పుడు కుండలినీ ద్వీపపు పౌరులు ఎక్కడెక్కడివారో ఒకరినొకరు గుర్తించుకొనిరి. అటకలమీది సంచికలను దించి, దుమ్ము దులిపి, పుట పుట ఛాయాప్రతులు తీసి పంచుకొనిరి. అంతవరకు పేరు లేని కథకుని పేరు అందరికి తెలిసినది. అర్ధశతాబ్దము దాటి పత్రికలో పనిచేసి 2006లో విరమించిన ఆ పెద్దమనిషికి చివరి దినములలోనైన ఈ ఆదరము దక్కినది. 2010 జనవరిలో ఆయన కాలధర్మము నొందిరి. 2007లో యాజమాన్యము మారిన ‘చందమామ’ కూడ 2013 నాటికి ఆగిపోయినది.

నేను 2008లో మా అబ్బాయి కంప్యూటరుమీద, ఒక్కొక్క అక్షరము వెదకికొని, ‘యక్షపర్వతము’లో నేను కన్నడమున విన్న ఆ భాగము తెలుగున ఎవరివద్దనైన కలదా యని అడిగితిని. మరునాటికి నాగపురమునుండి ఒక రైల్వే ఉద్యోగి ఆ పుటలు పంపిరి. తీరా చదివితే చిరుత లేనేలేదు! నా పొరుగింటి మిత్రుడు సొంతముగా కల్పించినాడు. ముప్పదియైదేండ్లు నమ్మిన సంగతి అది.

ఈ మాట నాగపురమునకు వ్రాయగా ఆయనయు మిక్కిలి నవ్వుకొనిరి. ఎవరు పెద్దయో తెలియక కొన్ని వారములు ఇరువురమును ‘అన్నగారూ’ అనియే పిలుచుకొంటిమి. ఆయన మొదట చదివినది ‘రాకాసిలోయ’, నేను ‘పాతాళదుర్గము’ అని బయటపడిన పిమ్మట పెద్దరికము తేలినది. సమరసేనుడు చతుర్నేత్రుని నమ్మి తీరవలసినదేనా యన్న విషయమై మేము పండ్రెండేండ్లు వాదించుకొంటిమి. నమ్మవలెనని ఆయన, కూడదని నేను. ముఖాముఖి చూచుకొన్నది ఒక్కనాడును లేదు. ఆయన పదవీవిరమణానంతరము బెంగుళూరు రావలెననుకొనిరి. ఏదో ఒక అడ్డు వచ్చుచునే యుండెను.

2021 మే నెలలో ఉత్తరములు ఆగిపోయినవి. నెల గడచిన పిదప ఆయన కుమార్తె ఆంగ్లమున వ్రాసినది. ఇంట తెలుగు చదువగలవారు ఆయనతో సరియనియు, పుస్తకములు నాకు పంపుమని ముందే చెప్పియుంచిరనియు దాని సారాంశము. ఏడు సంపుటములు వచ్చినవి. ‘తోకచుక్క’ సంపుటమున ఒకచోట ప్రక్కన పెన్సిలుతో ఆయన చేతివ్రాత: “తమ్ముడు ఇక్కడ ఒప్పుకొనక తప్పదు.” నేనిప్పటికిని ఒప్పుకొనలేదు.

మా మనుమరాలికి కన్నడ లిపి వచ్చును, తెలుగు లిపి రాదు. రెంటికి గల పోలిక పట్టుకొని బొమ్మల క్రింది పంక్తులు కూడబలుకుకొనుచున్నది. తలకట్టు దగ్గర తడబడుచున్నది. సంపుటములు మా ఇంటనే యున్నవి. ఆదివారము ఉదయము పదింటినుండి పండ్రెండు వరకు ఎవరైనను పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి చదువుకొనవచ్చును. ఇంటికి తీసికొనిపోవుటకు మాత్రము ఇయ్యజాలను.