అల్లర్లకు బీమా లేదు

ఇక్కడ అమెరికాలో పిల్లలకు ‘మాసకర్’, అంటే ఊచకోత, అన్న మాట చాలావరకు బోస్టన్ పాఠంలోనే పరిచయమవుతుంది. 1770 మార్చి 5న బ్రిటిష్ సిపాయిలు గుంపు మీద కాల్పులు జరిపితే అయిదుగురు చనిపోయారు. పాల్ రివియర్ దాన్ని రాగిరేకు మీద చెక్కి, శీర్షికలోనే ఊచకోత అని పెట్టి, బొమ్మలు అచ్చేసి అమ్మాడు. సిపాయిలు వరసగా నిలబడి, అధికారి ఆజ్ఞ మీద కాలుస్తున్నట్టు ఉంటుందా బొమ్మ. జరిగింది మాత్రం పెద్ద గందరగోళం. గుంపు మంచుగడ్డలూ కర్రలూ విసురుతోంది. సిపాయిల తరఫున వాదించినవాడు జాన్ ఆడమ్స్, తర్వాత ఈ దేశానికి రెండో అధ్యక్షుడు. ఎనిమిదిమందిలో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. అయినా పేరు చెక్కుచెదరలేదు. పోయినవాళ్లు మనవాళ్లయితే అయిదుగురైనా ఊచకోతే మరి.

ఎదుటివాళ్లయితే? 1890 డిసెంబర్ 29న, సౌత్ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర, లకోటా తెగవాళ్ల ఆయుధాలు లాక్కుంటూనే సైన్యం వాళ్లను కాల్చి చంపింది. చనిపోయినవాళ్లు రెండు మూడు వందలమంది ఉంటారని అంచనా. వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఎందరో. దానికి ‘యుద్ధం’ అని పేరు పెట్టారు. యుద్ధమన్నాక పతకాలు ఉండాలిగా! ఇరవైమంది దాకా సైనికులకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. దేశంలో అంతకు మించిన సైనిక పురస్కారం లేదు.

టల్సా కథ ఇంకా చిత్రం. అక్కడ పేరు ఖరీదు డాలర్లలో తేలింది. ఓక్లహోమాలో ఉన్న ఆ ఊరు మా డాలస్ నుంచి కారులో నాలుగైదు గంటలు. అక్కడి గ్రీన్‌వుడ్ నల్లవాళ్ల పేట. హోటళ్లు, సినిమా హాళ్లు, డాక్టర్లు, లాయర్లు, చాలావరకు అన్నీ వాళ్లవే. 1921 మేలో డిక్ రోలండ్ అనే బూటుపాలిష్ కుర్రాడు లిఫ్టులో తెల్లపిల్ల మీద చెయ్యేశాడని పుకారు పుట్టింది. అతన్ని జైల్లోంచి లాగి ఉరితీస్తారేమోనని నల్లవాళ్లు తుపాకులు పట్టుకుని కోర్టుకు కాపలా వెళ్లారు. మే 31 రాత్రి తెల్లవాళ్ల దాడి మొదలై జూన్ 1 మధ్యాహ్నానికి 35 వీధి బ్లాకులు బూడిదయ్యాయి. వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 36 మంది. చరిత్రకారులు 300 దాకా అంటారు. రోలండ్ మీద కేసు చివరికి కొట్టేశారు.

ఆ రెండు రోజులకు ‘రేస్ రయట్’ అని పేరొచ్చింది, అంటే జాతుల అల్లర్లు. ఇద్దరూ కొట్టుకున్నారు, ఇద్దరిదీ తప్పు అన్న ధ్వని ఆ మాటలోనే ఉంది. బీమా పాలసీల్లో మాత్రం అది ధ్వని కాదు, షరతు: అల్లర్ల వల్ల జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు. రెడ్‌ఫెర్న్ అనే తెల్ల యజమానికి గ్రీన్‌వుడ్‌లో సినిమా హాలు ఉండేది. ఆయన కోర్టుకెక్కితే 1926లో రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. తెల్లవాడికే దక్కనిది పక్కవీధి నల్లవాళ్లకేం దక్కుతుంది? నగరపాలకులు మాత్రం, గుంపు ఎత్తుకుపోయిన తుపాకులకుగాను ఒక తెల్ల తాకట్టు వ్యాపారికి పరిహారం కట్టిచ్చారు. ఆ కాగితం మీద ఏ మొహంతో సంతకం పెట్టారో!

‘రయట్’ అన్న ఆ మాటే నేరారోపణకూ పనికొచ్చింది. పెద్ద హోటలు కట్టిన జె.బి. స్ట్రాడ్‌ఫర్డ్ మీద అల్లర్లు రేపాడని అభియోగం మోపారు. ఆయన షికాగో పారిపోయి అక్కడే లాయరుగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆ అభియోగం రద్దయింది 1996లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు.

1997లో రాష్ట్రం వేసిన విచారణ సంఘం పేరులోనూ ‘రయట్’ ఉంది. శతవార్షికానికి ఏర్పడ్డ సంఘం కూడా మొదట అదే పెట్టుకుని, 2018లో ‘మాసకర్’గా మార్చుకుంది. ఇప్పుడు పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ అలాగే రాస్తున్నాయి. ఆ మాట డబ్బుగా మారుతుందేమోనని, అప్పటికి బతికున్న చివరి బాధితులు, నూరేళ్లు దాటిన ఇద్దరు ముసలమ్మలు, పరిహారం కోసం కోర్టులో పోరాడారు. 2024 జూన్‌లో ఓక్లహోమా సుప్రీంకోర్టు వాళ్ల దావా చెల్లదంది.