దోర్నకల్‌లో ఒకే ఒక్క కుర్చీ

దోర్నకల్ అంటే మనకి రైల్వే జంక్షనే. 1912 డిసెంబర్ 29న కలకత్తా కెథీడ్రల్‌లో ఆ ఊరికి బిషప్‌గా అభిషేకం పొందినవాడు అజరయ్య అనే తమిళుడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ళ ముందే ఎడిన్‌బరో సభలో, మిషనరీలు మాకు స్నేహితులు కాలేకపోతున్నారని మొహమ్మీదే చెప్పిన మనిషి.

ఆయన తెలుగు నేర్చుకున్నాడు. మాల, మాదిగ పల్లెల్లో బడీ ప్రార్థనా రెండూ నడిపే ఉపదేశుల మీద ఆధారపడ్డాడు. సంఘం తనను తానే నడుపుకోవాలన్నది ఆయన పట్టు. మరి పై కుర్చీల సంగతి? 1945 జనవరి 1న చనిపోయేదాకా, అంటే 32 ఏళ్ళపాటు, సొంత డయోసిస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయనొక్కడే. (సరైనవాళ్ళు దొరకడం లేదన్న మాట మన ఆఫీసుల్లోనూ వింటూనే ఉంటాం.)

ఆయన పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. అందులో ఒక స్త్రీ బిషప్ అయ్యేసరికి 2013 వచ్చింది, నంద్యాలలో.